దారపు ఉండ ఆగిన ఇళ్ళు

మా లేసు మామ్మ చెప్పిన కథని కత్తిరించి, అందులో ఉన్న నలభై ఒక్క ఇళ్ళలో ముప్పై నాలుగు ఇళ్ళు తీసేసి, చివర ఒక బంగారు దారం అతికించి పుస్తకంలో వేశారు. కథ కింద ఆమె పేరు లేదు. "చెప్పినవారు: ఒక లంక గ్రామ వృద్ధురాలు" అని ఉంది. ఆ పేజీ నేను ఆమెకి చదివి వినిపించిన పద్దెనిమిదో రోజున, పోయిన గురువారం మధ్యాహ్నం, మామ్మ పోయింది. అన్నం తిని, గుమ్మంలో చాప మీద నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

పుస్తకం వల్ల పోయిందని నేను అనడం లేదు. డెబ్బై దాటిన మనిషి, గుండె ఎప్పటినుంచో బాగోలేదు. ఆమె పోయినందుకు నేను ఎవర్నీ అడగలేను. ఆమె చెప్పింది కూడా పోతోంది, దానికి అడుగుతాను. అడగడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు ఆమె ఎవరో చెప్పాలి. లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

రేవు దాటి అవతల రొయ్యల షెడ్డులో నా పని. తలలు తీసి, వలిచి, ఐసులో వెయ్యడం. లోపలికి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి వెళ్ళాలి. ఆ రోజు సూపర్‌వైజరు వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అమ్మాయ్, మీ లంక నుంచి నాలుగుసార్లు ఫోను చేశారంట. మామ్మగారు పోయారంట."

ఏ మామ్మ అని నేను అడగలేదు. మా లంకలో మామ్మలు పదిహేనుమంది ఉంటారు. పేరు చెప్పకుండా ఒట్టి "మామ్మగారు" అని కబురు చేశారంటే అది ఒక్క ఆమే. గ్లౌజులు తీస్తే ఐసుకి వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే రేవు దాటించే పంటు కమ్మీ పట్టుకుని నీళ్ళు చూస్తూ వచ్చాను. గోదారి ఇంకా ఆకుపచ్చగానే ఉంది. ఎర్రనీరు రావడానికి నెల పైన లేదు.

ఆషాఢంలో ఎగువన వానలు పడితే నది రంగు మారుతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళకి అది చూడ్డానికి బావుంటుంది, ఫోటోలు తీసుకుంటారు. నది మధ్యలో బతికేవాళ్ళం మేం. మాకు అది మూటలు కట్టుకోమని చెప్పడం.

మామ్మ మా ఇంటికి మూడో ఇల్లు. మాకు చుట్టం కాదు. లేసు అల్లేది. మా పేటలో ఆడవాళ్ళు చాలామంది అల్లుతారు. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఒళ్ళో దారపు ఉండ, చేతిలో కొక్కెం సూది పట్టుకుని మామ్మ అరుగు మీదకి చేరతారు. అందరి కళ్ళూ సూది మీద ఉంటే మామ్మ కళ్ళు మాత్రం వీధిలో ఉండేవి. వేళ్ళు వాటంతటవే అల్లుకుపోయేవి. ఎవరు కుంటుతున్నారు, ఎవరి కోడలు నీళ్ళ బిందె చంకనెత్తుకోవడం మానేసింది, ఎవరింటి ముందు కొత్త చెప్పులు కనపడుతున్నాయి, అన్నీ చూసేది.

"మీ అత్తకి కళ్ళు మసకేసినియ్యే. చెప్పదు గానీ గడప తడుముకుంటంది" అని ఒకసారి ఒక కోడలితో అంది.

"మాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకు చెబితే వంటింట్లోకి రానివ్వవని భయం."

మేం అవి ఊసుపోక చెప్పుకునే కబుర్లనుకునేవాళ్ళం. ఆమెకి అదే పని అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆమెకి ఏ పదవీ లేదు. పంచాయతీ మెంబరు కాదు, ఏ గ్రూపుకీ లీడరు కాదు. డ్వాక్రా మీటింగులో "మీరు లీడరుగా ఉండండి మామ్మగారూ" అని ఒక మేడమ్ అడిగితే, "నేను సంతకం పెట్టేసరికి రెండు పువ్వులు అల్లేస్తానండి, దండగ" అని నవ్వేసింది. ఆమె దగ్గర ఉన్నది ఒక్క కథ. దాన్ని ఏడాదికి ఒక్కసారి, ఆషాఢం మొదటి రోజున చెప్పేది. ఆ రోజు అరుగు చాలేది కాదు. మగవాళ్ళు, పిల్లలు వీధిలో చాపలు వేసుకునేవారు.

కథ ఇది. ఒక ముసల్ది లేసు అల్లుకుంటుంటే ఒళ్ళోంచి దారపు ఉండ జారి గోదాట్లో పడుతుంది. ఎర్రనీరు దాన్ని తోసుకుంటూ లంకలోకి తెస్తుంది. ముసల్ది దాని వెంటపడి, ఉండ ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ముందు నిలబడి, "అమ్మా, మా ఉండ వచ్చిందా?" అని అడుగుతుంది. మొదటి ఇంట్లోంచి జవాబు: "వచ్చిందేమో తల్లీ, నేను లేచి చూళ్ళేను, మోకాళ్ళు పట్టేసినియ్యి." రెండో ఇంట్లోంచి: "చూసేదాన్నే గానీ చేతిలో చంటిది ఉంది." మూడో ఇంటి దగ్గర ఎంత పిలిచినా పలుకు ఉండదు. అప్పుడు పిల్లలందరూ ఒక్కసారి అరవాలి: "ఆయనకి చెవుడు, కిటికీలోంచి కర్రతో పొడు!" ఆ చెవిటాయన వీధిలోనే కూర్చుని, తన వంతు వచ్చిందని పిల్లల నోళ్ళు చూసి తెలుసుకుని, చెయ్యి ఊపేవాడు. అలా నలభై ఒక్క ఇళ్ళు. మా పేటలో ఉన్నవి నలభై ఒక్క ఇళ్ళే.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా అర్థం కాలేదు. ఉండ ఆగిన వరస నీళ్ళు వచ్చే వరస. ముందు ఏ తలుపు దగ్గరికి పరిగెత్తాలి, అక్కడ ఎవర్ని ఎత్తుకోవాలి, ఎవరికి ఒక్క కేక చాలు, ఎవరికి కేక వినపడదు, అంతా అందులో ఉంది. కాగితం మీద రాస్తే తడుస్తుంది. ఫోను వరద రోజునే సిగ్నలు పోతుంది. ఆరేళ్ళ పిల్ల నోట్లో ఉన్న కథని గోదారి ఏం చెయ్యగలదు?

నా పదమూడో ఏట ఒక మధ్యాహ్నం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని కబురొచ్చింది. మగవాళ్ళు సగం మంది చేపల వేటకి వెళ్ళి ఉన్నారు. ఎవరూ ఎవర్నీ ఏం చెయ్యాలని అడగలేదు. వీధి చివర ఎవరో ఒకావిడ, "అమ్మా, మా ఉండ వచ్చిందా!" అని గొంతు చించుకుని అరిచింది. అంతే. పొయ్యిల మీద ఎసరు దించి అందరూ బయటికి వచ్చారు. నేను, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు మొదటి ఇంటికి పరిగెత్తాం. ముసలామె అప్పటికే మంచం మీద లేచి కూర్చుంది.

"వచ్చారా? కథలో మోకాళ్ళనే చెప్పింది మీ మామ్మ. నడుం కూడా పోయింది. మెల్లిగా ఎత్తండే."

నలుగురం మంచంతో సహా ఎత్తాం. మా పక్కనుంచి ఎవరో చంటిదాన్ని తీసుకుని పోతున్నారు, వెనక ఎవరో కిటికీలోంచి కర్ర పెట్టి పొడుస్తున్నారు. బడి కట్టిన మెరక మీదకి అందరం చేరి లెక్క చూసుకుంటే ఒక్కరు తక్కువ లేరు. నీళ్ళు అప్పుడే మొదటి ఇంటి గడప ఎక్కుతున్నాయి. మామ్మ బడి మెట్ల మీద నిలబడి ఉంది. నోట్లో ఏదో అనుకుంటోంది. దగ్గరికి వెళ్ళి వింటే కథ చెబుతోంది, ఒక్కో ఇంటినీ చూసుకుంటూ, తనలో తను.

పడవలో వచ్చిన ఆఫీసరు గారు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయారు. "ఎవరు తరలించారండీ మిమ్మల్ని? మైకు ఇప్పుడేగా తెచ్చాం!"

"కథ చెప్పిందండి" అంది మా అమ్మ.

ఆయన రాసుకోవడానికి పెన్ను తీసి, ఏం రాయాలో తెలీక జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు ఆ మెట్ల పక్కన నిలబడి నేను మామ్మని మొదటిసారి చూశాను. అంతకుముందు పదమూడేళ్ళు రోజూ చూశాను గానీ, అది చూడ్డం కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఉండ నీళ్ళలో పడకముందే, ప్రతి ఏడాదీ, మామ్మ తన తప్పు ఒకటి చెప్పుకునేది. ఆ తప్పులో నేనున్నాను. అమ్మ కడుపులో.

నేను పుట్టిన ఏడాది మా అమ్మ పురిటికి లంకకి వచ్చింది. అత్తవారిది గట్టు అవతల ఊరు. మామ్మ ఆ ఏటి కథలో మా అమ్మమ్మ ఇంటి చేత "ఇద్దరం ఉన్నాం, ఇద్దరికీ కాళ్ళున్నాయి" అనిపించింది. పెళ్ళి చేసి పంపిన పిల్లని పుట్టింట్లో ఎవరు లెక్కేస్తారు? కూతుళ్ళు పుట్టిళ్ళకి వచ్చేది ఆషాఢంలోనే. ఎర్రనీరు వచ్చేదీ ఆషాఢంలోనే. అయినా అన్నేళ్ళుగా ఎవరికీ తట్టలేదు. వరద వచ్చిన పూట అమ్మమ్మా తాతయ్యా సంతకి వెళ్ళారు. కేకలు వేసుకుంటూ వచ్చినవాళ్ళు "ఈ ఇంట్లో ఇద్దరూ అవతలున్నారు" అనుకుని దాటిపోయారు. లోపల మా అమ్మ నిద్రపోతోంది, నిండు నెలలతో. లేచేసరికి మంచం కోళ్ళు మునిగాయి. అటకెక్కి, పెంకులు తోసి, ఆ సందులోంచి చీర కొంగు సాయంత్రం దాకా ఊపింది. పడవవాళ్ళ కంటపడింది కాబట్టి నేనిప్పుడు ఇది రాస్తున్నాను. తర్వాత మా నాన్న కూడా లంకకే వచ్చేశాడు, ఇక్కడే ఉండిపోయాం.

"ముందు నా తప్పు వినండే, కథ తర్వాత" అని మొదలుపెట్టేది మామ్మ. మొదలుపెట్టే ముందు మా అమ్మ వైపు తిరిగి, "చెప్పమంటావా?" అని అడిగేది. ప్రతి ఏడాదీ అడిగేది. "చెప్పు అత్తా" అనేది అమ్మ. ఒక ఏడు కోడిపెట్ట విషయంలో ఇద్దరికీ మాటల్లేవు. మామ్మ అడిగితే అమ్మ మొహం తిప్పుకుని, "ఈ ఏడొద్దు" అంది.

"అయితే కథ లేదు" అని మామ్మ లేసు మడిచేసింది.

చెవిటాయన కూడా ఏదో అయిందని మెడ చాపి చూస్తున్నాడు. చివరికి మా అమ్మే నవ్వేసి, "చెప్పు, కోడి సంగతి రేపు చూస్తా" అంది.

తన తప్పు దాచుకోవడం ఎంత తేలికో ఆలోచించండి. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. అమ్మ కూడా మర్చిపోయేది. నేనైతే దాచేదాన్ని. షెడ్డులో ఒక ట్రే కింద పడితేనే పక్కవాళ్ళ మీద తోసేస్తాం.

ఆ తప్పు తర్వాత ఆమె ఒక మాట పట్టుకుంది. "ఎవరింటి పిల్ల అని అడక్కండే. ఈ పూట ఏ ఇంట్లో అన్నం తింటంది అని అడగండి." జ్యేష్ఠం చివర్లో ఇల్లిల్లూ తిరిగి అదే అడిగేది. కొబ్బరి దింపడానికి వచ్చి పాకలో ఉంటున్న కూలీలు, మందుల కోసం చెల్లెలింటికి వచ్చిన అన్న, అందరూ కథలోకి వచ్చేసేవారు. ఒక ఇంట్లో మొగుడు కొడితే పారిపోయి వచ్చిన పిల్లని దాచారు. ఆమె అక్కడుందని బయటికి పొక్కకూడదు. ఆ ఏడు కథలో ఆ ఇల్లు ఇలా జవాబు చెప్పింది: "మేం ఇద్దరం, మాతో ఒక మేకపిల్ల." ఆ ఇంట్లో మేకల్లేవని పేటంతా తెలుసు. ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు అడగలేదు. వరద వచ్చి ఉంటే ఆ మేకపిల్లని ఎవరు ఎత్తుకోవాలో కూడా మాట్లాడుకోకుండానే తేలిపోయింది.

నేను టెన్త్ లెక్కల్లో పోయి బడి మానేశాక, అరుగు మీద అల్లేవాళ్ళకి పేపరు చదివి పెట్టే పని నాకు ఇచ్చింది. తప్పు చదివితే, "మళ్ళీ చదువు, వాళ్ళు అలా రాసుండరు" అనేది. ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. కానీ ఏ వాక్యం ఎక్కడ విరగాలో తెలుసు. నాకొచ్చిన రాత ఆ అరుగు మీద వచ్చిందే. అందుకే ఇది రాయాల్సింది నేను.

పోయిన ఏడు వరస తప్పింది.

లంక ఎగువ వైపు కోతకి గురవుతోంది. రెండేళ్ళలో రెండు కొబ్బరి తోటలు నీళ్ళలో కలిశాయి. ఎప్పుడూ దిగువ మూల నుంచి వచ్చే నీళ్ళు పోయినేడు తోటల వైపు నుంచి వచ్చేశాయి. మేం పాత వరసలో మొదటి ఇంటికి పరిగెడితే అక్కడ నేల పొడిగా ఉంది. అవతల తోటల వైపు ముప్పై మూడో ఇంట్లో పక్షవాతం మనిషి మంచం కింద నీళ్ళు. అందరం బయటపడ్డాం, కానీ అది అదృష్టం. మామ్మకి ఆ పూట అన్నం దిగలేదు. మర్నాటి నుంచి, నీళ్ళు తియ్యకముందే, వెదురు కర్ర పట్టుకుని మోకాళ్ళ లోతులో పేటంతా తిరిగింది. నాలుగు రోజులు. ఆదివారం షెడ్డుకి సెలవు కాబట్టి ఆ ఒక్క రోజు నేను తోడు వెళ్ళాను. ఒక్కో ఇంటి దగ్గర కర్ర దింపి, ఆగి, నీళ్ళు ఎటు లాగుతున్నాయో కాళ్ళతో చూసుకునేది.

"మామ్మా, ఫోనులో రాసుకోనా?"

"ఏం రాస్తావే? నీళ్ళున్నప్పుడే కనపడతాది దారి. ఇప్పుడు చూసుకోవాలి, ఆషాఢంలో చెప్పుకోవాలి. ముందే చెప్తే మనుషులు మారిపోతారు, నువ్వు పాతది పట్టుకుని కూర్చుంటావు."

అది ఆమె పద్ధతి. కథ ఎప్పుడూ తాజాగా ఉండాలి. ఆ పద్ధతే ఇప్పుడు మా పీక మీదకి వచ్చింది.

మాఘంలో పట్నం నుంచి ఒక సాంస్కృతిక సంఘంవాళ్ళు వచ్చారు. ఊళ్ళలో సేవ చేసేవాళ్ళ గురించి, కథలు చెప్పే ఆడవాళ్ళ గురించి పుస్తకం వేస్తున్నామన్నారు. మర్యాదగానే మాట్లాడారు, అది కూడా రాయాలి. కెమెరా పెట్టి, "మొత్తం కథ చెప్పండి మామ్మగారూ, ఆషాఢానికి పుస్తకం వచ్చేస్తుంది, ఇంటికొకటి ఇస్తాం" అన్నారు. ఇంటికొకటి అనేసరికి మామ్మ పొంగిపోయింది. ఎప్పుడూ ముందు చెప్పనిది, వాళ్ళకి చెప్పింది. కొత్త వరస. నలభై ఒక్క ఇళ్ళు. అప్పుడు మేం ఎవ్వరం అక్కడ లేం. నేను షెడ్డులో ఉన్నాను, మా అమ్మ రేవు దాటి వెళ్ళింది, మామ్మ కోడలు వాళ్ళకి టీలు పెడుతూ లోపలా బయటా తిరిగింది.

ఉగాది వెళ్ళాక పట్నంలో సభ. మామ్మతో నేను వెళ్ళాను. శాలువా కప్పారు, పుస్తకం చేతిలో పెట్టి ఫోటో తీశారు. ఫోటో అయ్యాక, "కాపీలు తక్కువున్నాయండి, పంపిస్తాం" అని పుస్తకం వెనక్కి తీసుకున్నారు. సర్టిఫికెట్టు ఇచ్చారు. అందులో శ్రీమతి తర్వాత చుక్కలు, చుక్కల తర్వాత గారికి. చుక్కల మీద ఏమీ రాయలేదు. నేను అక్కడే గొడవ పెట్టబోతే మామ్మ నా మోచెయ్యి గిల్లింది. "అట్ట గట్టిగా ఉందే, లేసు నలక్కుండా అడుగున పెట్టుకుంటా" అంది.

పుస్తకాలు మా ఇళ్ళకి రాలేదు, బడికి వచ్చాయి. సెలవుల ముందు పిల్లలకి పంచి, బళ్ళు తెరిచాక ఆ కథ అప్పజెప్పే పోటీ అన్నారు. టీచరుగారి తప్పేం లేదు, ఆవిడది వేరే ఊరు. మా పక్కింటి ఏడేళ్ళ పిల్ల వీధిలో గంతులేస్తూ బట్టీ పడుతుంటే విన్నాను. ఏడు ఇళ్ళు. ఏడో ఇంట్లో గోదావరి తల్లి ప్రత్యక్షమై ముసల్దానికి బంగారు దారం ఇస్తుంది.

"మిగతా ఇళ్ళేవే?" అన్నాను.

"అవి లేవక్కా. పుస్తకంలో ఏడే. మామ్మది తప్పంట."

ఆ పుస్తకం తీసుకెళ్ళి మామ్మకి చదివాను. మోకాళ్ళు లేవు. చెవుడు లేదు. మా అమ్మ లేదు. ఆమె ముందు చెప్పుకునే తప్పు అసలే లేదు. మామ్మ చివరిదాకా అల్లుతూ విని, దారం తెంపింది.

"బావుందే. చక్కగా రాశారు. మనం మునిగిపోతాం, అంతే."

మర్నాడు ఫోను చేశాను. సంఘం కార్యదర్శి గారు ఎత్తారు.

"నలభై ఒక్క ఇళ్ళు చదివితే పాఠకుడికి విసుగమ్మా. జానపద కథకి ఒక అందం ఉండాలి కదా. మీరు చెప్పేది సమాచారం, మేం చేసింది సాహిత్యం."

"సాహిత్యం మీరుంచుకోండి సార్. ఆ రోజు తీసిన వీడియో మాకివ్వండి."

"అది మా దగ్గర భద్రంగా ఉంటుందమ్మా. అలా బయటికి ఇవ్వడానికి కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుందండి?"

"వానలు తగ్గాక."

వానలు తగ్గాక! మామ్మకి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. "పోన్లే, ఆషాఢానికి నేనే చెప్తాగా" అంది. ఆమె అలా అన్నందుకే నేను ఊరుకున్నాను. అది నా తప్పు. ఆమె దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ముందు అదే చెబుతున్నాను. ఆ రోజే కూర్చోబెట్టి అడిగి ఉండాల్సింది. అడగలేదు.

మామ్మని సాగనంపిన మర్నాడు నేను, అమ్మ, మామ్మ కోడలు అరుగు మీద కూర్చుని కొత్త వరస పోగెయ్యడానికి చూశాం. నేను తోడు తిరిగిన ఆదివారం ఇళ్ళు పదకొండు. కోడలు టీ గ్లాసులు ఇస్తూ విన్నవి కొన్ని. పందొమ్మిది దాకా వచ్చాయి. ఆ తర్వాత తగువు.

"ఇసక దిబ్బ పక్కిల్లు ముందు" అంది అమ్మ.

"కాదొదినా, దాని వెనకాల పాక ముందు. నేను విన్నాను."

"నువ్వు పంచదార కోసం లోపలికెళ్ళినప్పుడు ఏం చెప్పిందో నీకేం తెలుసు?"

ఆమె ఏడ్చేసింది. అమ్మా ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు కోపంగా ఉంది. నేల పొడిగా ఉన్నప్పుడు ఆ దారి కళ్ళకి కనపడదు. మళ్ళీ నీళ్ళు వస్తేనే తెలుస్తుంది. నీళ్ళు వచ్చాక తెలుసుకుంటే పనికిరాదు. పాత వరస మా నోళ్ళలో ఉంది, అది తప్పు. కొత్త వరస వాళ్ళ కెమెరాలో ఉంది, అది కమిటీ కోసం ఎదురుచూస్తోంది.

ఇన్నేళ్ళూ నలభై ఒక్క ఇళ్ళ బరువు ఒక్క మనిషి మోసింది. గొంతు పెంచకుండా, చేతిలో పని ఆపకుండా. ఎంత బరువో ముగ్గురం కలిసి పందొమ్మిది దగ్గర కూలబడ్డాక తెలిసింది. నేను ఇంతదాకా చాలా సభల గురించి పేపర్లో చదివాను, గొప్పవాళ్ళ గురించి చదివాను. ఇలాంటి మనిషిని చదవలేదు. మూడిళ్ళ అవతల ఉండేది.

కార్యదర్శి గారూ, సంఘం పేరు వెయ్యొద్దని ఈ పత్రికవాళ్ళు అన్నారు, వెయ్యలేదు. మామ్మ పేరు కూడా నేను వెయ్యలేదు. అది వెయ్యాల్సింది మీరు. బడికి ఇచ్చిన ప్రతి పుస్తకంలో, ఆ కథ కింద. ఆ పోటీ ఆపమని టీచరుగారికి మీరే చెప్పాలి. అన్నిటికన్నా ముందు ఆ వీడియో కావాలి. మొత్తం. ఆమె దగ్గులు, మధ్యలో కోడల్ని కేకేసి టీ అడగడం, ఏదీ కొయ్యకుండా. అది మీరు తీశారు కాబట్టి మీదే అంటారేమో. అందులో ఉన్న ఇళ్ళు మావి, వాటిలో పడుకునేవాళ్ళు మావాళ్ళు.

జ్యేష్ఠ అమావాస్య సాయంత్రం లోపు నాకు జవాబు రావాలి. మర్నాడు ఆషాఢం. ఆ రోజు వీధిలో చాపలు వేస్తాం, చెప్పడానికి మా అమ్మ కూర్చుంటుంది. జవాబు రాకపోతే ఆ సాయంత్రమే మీ ఆఫీసు ముందు ఉంటాను, నాతో పేటలో ఆడవాళ్ళు ఉంటారు. వీడియో పెద్దది, పంపడం కుదరదు అని మీరు అనొచ్చు. అందుకని నా ఫోనులో సినిమాలు తీసేశాను, పాటలు తీసేశాను, మా చెల్లి పెళ్ళి వీడియో దానికి చెప్పే తీసేశాను. ఇప్పుడది ఖాళీగా ఉంది. నలభై ఒక్క ఇళ్ళు పడతాయి.